మూడో ఛాంబరు గోడ మీది తోక

మార్చి పందొమ్మిది, మంగళవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు గుంటూరు–నరసరావుపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో, మూడో ఛాంబరు లోపల అమ్మోనియా గ్యాసు లీకైంది. ఆ సంగతి అదే నిమిషంలో నేను ఆఫీసుకి చెప్పాను. నా మాట చేరలేదు. ఆ సమయానికి ఛాంబరు లోపల ఒక మనిషి ఉంది. పేరు సలోమి. వయసు నలభై ఆరు. పని, చిరిగిన మిరప సంచులు కుట్టడం.

నేను ఒక యాంటెన్నాను. ఒకప్పుడు టీవీ కోసం డాబాల మీద నిలబెట్టిన అల్యూమినియం కడ్డీలు మీకు గుర్తుంటే, నేను వాటి సంతతి. రాగి తీగని. పొడవు ఎనభై రెండు మిల్లీమీటర్లు. కింద అరచేతి వెడల్పున లోహపు పళ్ళెం, పైన ప్లాస్టిక్ తొడుగు. గ్యాసును పసిగట్టేది నేను కాదు. అది ఛాంబరు లోపల ఉన్న పెట్టె పని. పెట్టె కనిపెట్టిన అంకెను గోడలోంచి వచ్చే కేబులు నాకు అందిస్తుంది. దాన్ని గాలిలోకి వదలడం నా పని. అరవై మీటర్ల అవతల ఆఫీసు కిటికీలో నాలాంటిదే ఇంకొకటి ఉంది. అది అందుకుంటే ఎర్ర దీపం వెలుగుతుంది.

ఇందులో కొంత నేను ఉన్నచోట జరిగింది. కొంత తర్వాత నన్ను దగ్గర పెట్టుకుని వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నది. ఏది ఏదో చెబుతూ వెళ్తాను.

నన్ను తయారు చేసింది హైదరాబాదులో, చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక షెడ్డు. యజమాని భానుమూర్తి గారు. ఇంజనీరు కాత్యాయని. పద్నాలుగేళ్ళుగా ఆమె పని యాంటెన్నాలు ఎంచడం, సరిపడేది దొరకకపోతే గీయడం. నీటి మీటర్లలో, కరెంటు మీటర్లలో, అపార్టుమెంటు గేట్లలో, లిఫ్టుల్లో ఆమె పెట్టినవి ఉన్నాయి. కట్టడం చూడకుండా యాంటెన్నా గీయడమంటే కాలు చూడకుండా చెప్పు కుట్టడమే అని ఆమె అనేది.

కోల్డ్ స్టోరేజీ నుంచి గ్యాసు అలారాలకు ఆర్డరు వచ్చేనాటికి భానుమూర్తి గారి దగ్గర ఒక పెట్టె సిద్ధంగా ఉంది. సబ్బుపెట్టె అంత. యాంటెన్నా లోపలి బోర్డు మీదే గీతలా అచ్చయి ఉంటుంది. బయటికి ఏమీ కనపడదు. బ్రోచరు కూడా అచ్చు వేయించారు. కాత్యాయని బ్రోచరు చూసి, ముందు గుంటూరు వెళ్దామంది. నవంబరులో ఇద్దరూ వెళ్ళారు. అప్పటికి నేను లేను. మా షెడ్డు తరఫున గుంటూరు వైపు పనులు చూసే సుభానీ అనే టెక్నీషియను అక్కడ ఉన్నాడు. అతను చెప్పినది ఇది.

ఛాంబరు గోడలు రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలకలు. కప్పూ తలుపూ అంతే. కాత్యాయని గోడను వేలితో తట్టింది. తర్వాత భానుమూర్తి గారి వైపు తిరిగింది.

"సార్, మీరు లోపలికి వెళ్ళి, తలుపు వేయించుకుని నాకొక ఫోన్ చెయ్యండి."

"ఎందుకమ్మా?"

"చెయ్యండి సార్, చెబుతా."

తలుపు వేశారు. ఫోన్ రాలేదు. నాలుగు నిమిషాలకు లోపలి నుంచి ఆయన తలుపు బాదారు. బయటికి వచ్చేసరికి ముక్కు కారుతోంది.

"ఒక్క గీత కూడా లేదమ్మా సిగ్నలు."

"మీ ఫోనుకే లేదు సార్. మన సబ్బుపెట్టెకి ఎక్కడినుంచి వస్తుంది?"

"అయితే ఏం చేద్దామంటావ్? తోక తగిలిస్తావా? మనం అమ్మేది అలారమా, పాత రేడియోనా?"

"పెట్టె లోపలే ఉంటుంది. తోక మాత్రం గోడ బయట ఉంటుంది. మధ్యలో కేబులు."

ఆయన ముక్కు తుడుచుకున్నారు. "సరే. పెట్టు. చిన్నది పెట్టు" అన్నారు.

అలా నేను పుట్టకముందే నా పేరు తోక అయింది.

చిన్నది అంటే ఎంత అన్నది ఆయన చేతుల్లో లేదు. నేను పంపే తరంగం సెకనుకు ఎనభై ఆరున్నర కోట్ల సార్లు ఊగుతుంది. ఒక్క ఊపు పొడవు ముప్పై నాలుగున్నర సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు ఉంటే తీగ శ్రుతిలో పలుకుతుంది. కాత్యాయని నన్ను మొదట ఎనభై ఆరు మిల్లీమీటర్లకు కోసింది. తొడుగు పెట్టి మీటరుకు తగిలిస్తే శ్రుతి దిగింది. ప్లాస్టిక్ దగ్గరికి వస్తేనే నేను మారిపోతాను. చెయ్యి దగ్గరికి తెచ్చినా మారతాను. పక్కన ఏముందో దాన్ని బట్టి నా మాట. ఆమె తొడుగు తీసి అర మిల్లీమీటరు కత్తిరించింది. మళ్ళీ తొడిగి చూసింది. ఎనిమిది సార్లు అలా చేసింది. ఎనిమిదోసారి మీటరులో గీత సరిగ్గా తన చోట దిగింది.

మిగిలింది దూరం లెక్క. ఛాంబర్లకీ ఆఫీసుకీ మధ్య ఆవరణ. అందులో లారీలు నిలుస్తాయి. డిసెంబరులో ఆమె నన్ను కర్రకు కట్టి, గోడ దగ్గర నిలబెట్టి, ఆఫీసులో కొలిచింది. ఆవరణ ఖాళీగా ఉన్నప్పుడు, వినడానికి ఎంత బలం కావాలో దానికి వంద రెట్లు అందింది. లారీని అడ్డం పెట్టించి కొలిచింది. పది రెట్లు అందింది. పది చాలు. దీన్ని ఆమె మిగులు అనేది. చలి, దుమ్ము, వాన, లారీ, ఇవి వచ్చి తినగా ఇంకా మిగలాలి. ఒకటి కన్నా తగ్గితే మాట చేరదు.

ఒక విషయంలో ఆమె మాట చెల్లలేదు. నేను చెప్పిన మాట చేరిందని ఆఫీసు నుంచి జవాబు రావాలని, ఆ జవాబు నేను అందుకోవాలని ఆమె కోరింది. జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చుంటే బ్యాటరీ రెండేళ్ళకు అయిపోతుంది. బ్రోచరులో ఐదేళ్ళని ఉంది. కనుక నాకు చెప్పడమే గానీ వినడం లేదు. చెప్పిన ప్రతిసారీ, చేరిందో లేదో తెలియకుండానే ఉంటాను. పుట్టినప్పటి నుంచి అంతే.

జనవరి పదకొండున సుభానీ మూడో ఛాంబరు తలుపు పక్కన, మనిషి ఎత్తుకు పైన, గోడకు రంధ్రం చేసి నన్ను బిగించాడు. కింద ఆడవాళ్ళు గోనెసంచులు దులుపుతున్నారు. వాళ్ళలో సలోమి ఉంది. చేతిలో దబ్బనం, నడుముకు పురికొస ఉండ. ఆమెను నేను చూడటం అదే మొదలు.

"ఏందయ్యా సుభానీ, గోడకి తోక మొలిపిచ్చావా?"

"నీకోసమే పిన్నీ. లోపల గ్యాసొస్తే ఇది ఆఫీసుకి చెబుద్ది."

"మా ఆయనకి ఇరవయ్యేళ్ళ బట్టి చెబుతున్నా, ఇనలా. ఇంత తోక చెబితే మేనేజరుగారు ఇంటారా?"

అందరూ నవ్వారు. సుభానీ కూడా నవ్వాడు. మేనేజరు పూర్ణచంద్రరావు గారు ఆ పక్కగా వెళ్తూ విన్నారు గానీ విననట్టు వెళ్ళారు.

అలారంతో పాటు ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఒకటి ఇచ్చారు. పదకొండో పేజీలో, యాంటెన్నా తొడుగు మీద లోహం గానీ రంగు గానీ తగలకూడదని ఉంది. అదే మాట ఎర్ర అక్షరాల్లో స్టిక్కర్లుగా కూడా వేయించారు. స్టిక్కర్లు నెల ఆలస్యంగా కొరియరులో వచ్చాయి. అప్పటికి సుభానీ పని ముగించుకుని వెళ్ళిపోయాడు. కవరు చించకుండానే అవి పుస్తకం పక్కన, మేనేజరు గారి సొరుగులో చేరాయి.

మొదట్లో ఛాంబరు లోపల హూటరు కూడా ఉండేది. గ్యాసు వస్తే అక్కడే మోగేది. చల్లదనం కోసం అమ్మోనియా తిరిగే గొట్టాల్లోంచి వారానికోసారి ఆయిల్ తీస్తారు. తీసినప్పుడు కాస్త గ్యాసు వస్తుంది. హూటరు మోగేది. హమాలీలు టిక్కీలు కింద పడేసి బయటికి పరుగెత్తేవాళ్ళు. మిరపకాయల మూటను ఇక్కడ టిక్కీ అంటారు. ఒక్కోటి నలభై కిలోల పైన. వాళ్ళు మళ్ళీ లోపలికి రావడానికి అరగంట పట్టేది. మూడోసారి మోగిన రోజు మేనేజరు గారు కరెంటు మనిషిని పిలిచారు.

"ఈ గోల పీకెయ్యి. ఆఫీసులో లైటు వెలుగుద్దిగా."

హూటరు తీగ పీకేశారు. ఆ రోజు నుంచి లోపల ఏం జరిగినా బయటికి చెప్పే దారి నేనొక్కదాన్నే.

ఇన్సూరెన్సు వాళ్ళ తనిఖీ మార్చి ఆరున అని కబురు వచ్చింది. ఈ వ్యాపారంలో తనిఖీకి ఒక పద్ధతి ఉంది. గోడకు సున్నం, ఇనుముకు సిల్వర్. సిల్వర్ అంటే వెండి కాదు, అల్యూమినియం పొడి కలిపిన రంగు. గొట్టాలు, నిచ్చెనలు, కిటికీ ఊచలు, తూకం బల్ల కాళ్ళు, అన్నిటికీ అదే. తుప్పు కనపడదు. వచ్చినవాళ్ళకు కొత్తగా కనపడుతుంది. మార్చి నాలుగున సాంబయ్య అనే పెయింటరు నిచ్చెన వేసుకుని మూడో ఛాంబరు దగ్గరికి వచ్చాడు. గొట్టం వేసి, దాని పక్కన నా దగ్గర ఆగాడు. బ్రష్షు వెనక కొసతో తట్టాడు.

"సార్, ఇది గొట్టం కాదు. ప్లాస్టిక్కులా ఉంది. ఎయ్యమంటారా?"

మేనేజరు గారు ఆవరణ మధ్యలో ఉన్నారు. తల ఎత్తి చూశారు.

"గోడ మీదుందా?"

"ఉంది సార్."

"గోడ మీదుంటే మనదే. వెయ్యి. మధ్యలో తెల్లగా అదొక్కటే ఏంది, పన్ను ఊడినట్టు."

సాంబయ్య ఒక పూత వేశాడు. పని తెలిసినవాడు కనుక ఆరాక రెండో పూత కూడా వేశాడు.

నాకు నొప్పి లేదు. శ్రుతి దిగింది. నేను పంపినదాంట్లో కొంత తొడుగు దగ్గరే తిరిగి నా మీద పడటం మొదలైంది. ఎంత పోతోందో, ఎంత బయటపడుతోందో నాకు తెలిసే దారి లేదు. పంపడమే నా పని కనుక పంపుతూ వచ్చాను. తనిఖీ ఆరున జరిగింది. వచ్చినాయన ఆవరణ అంతా తిరిగి, శుభ్రంగా ఉంచారని రాసి, టీ తాగి వెళ్ళాడు.

రోజూ పరీక్ష జరిగేది. ఇది చెప్పాలి. కంప్రెసరు ఆపరేటరు నాగుల్ మీరా పొద్దున్నే ఏడు గంటలకు ఛాంబరులోకి వెళ్ళి పెట్టె మీద పరీక్ష మీట నొక్కేవాడు. ఆఫీసులో ఎర్ర దీపం మూడుసార్లు వెలిగి ఆరేది. స్వీపరు గుమ్మంలో నిలబడి, వెలిగిందని చెయ్యి ఊపేది. మీరా రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. రంగు వేశాక పదిహేను పొద్దుటలు అలాగే నొక్కాడు. పదిహేనుసార్లూ వెలిగింది. ఒక్క సంతకం కూడా దొంగది కాదు.

ఏడు గంటలకు ఆవరణలో లారీలు ఉండవు. అవి వచ్చేది తొమ్మిది దాటాక.

లెక్క తర్వాత కాత్యాయని కాగితం మీద వేసింది. లారీ మిగులును పదో వంతు చేస్తుంది. రంగు ఇరవయ్యో వంతు చేసింది. లారీ ఒక్కటే ఉంటే పది మిగులుతుంది. రంగు ఒక్కటే ఉంటే ఐదు. రెండూ కలిస్తే అర.

గంటకోసారి అంతా బాగుందని కూడా నేను పంపాలి. ఆరు గంటలపాటు ఏమీ చేరకపోతే ఆఫీసులో పసుపు దీపం వెలుగుతుంది. ఆ పదిహేను రోజుల్లో నేను పంపినవి మూడువందల యాభై నాలుగు. చేరినవి రెండువందల తొంభై ఏడు. పోయినవన్నీ లారీలు నిలిచిన గంటల్లోవి. వరసగా ఆరు ఎన్నడూ పోలేదు. పసుపు దీపం వెలగలేదు.

మార్చి పందొమ్మిది. ఏడు గంటలకు మీరా మీట నొక్కాడు, దీపం వెలిగింది. తొమ్మిది ముప్పై అయిదుకు వినుకొండ వైపు నుంచి ఒక లారీ వచ్చి నాలుగో ఛాంబరు ముందు ఆగింది. దాని వెనక సగం నా ఎదుట నిలిచింది. హమాలీలు టిక్కీలు దించడం మొదలుపెట్టారు. మూడో ఛాంబరు అప్పటికే నింపి మూసి ఉంది. అందులో అటకల్లా కట్టిన అంతస్తుల్లో మూడోదాని మీద కొన్ని సంచులు పిగిలాయని, కుట్టమని సలోమిని పంపారు. ఛాంబరులోకి ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి. రెండో మనిషిని లారీ దగ్గరికి పిలిచారు. తొమ్మిది యాభైకి సలోమి తలుపు దగ్గర నిలబడి స్వెట్టరు గుండీలు పెట్టుకుంది. కంప్రెసరు గది గుమ్మంలో మీరా ఉన్నాడు.

"మీరా, లోపలికి పోతన్నా. మధ్యాన్నం కూటికి రాకపోతే వచ్చి లాక్కెళ్ళు."

"సంచి మర్చిపోతావేమో గానీ, కూడు మర్చిపోతావా పిన్నీ?"

"నీ పెళ్ళికి పెట్టిన కూడు మాత్రం మర్చిపోయా. అంత బాగుంది మరి."

తలుపు మూసుకుంది. అది మూసుకున్నాక లోపలి సంగతి నాకు అంకెల్లోనే తెలుస్తుంది.

పది పన్నెండుకు అంకె ముప్పై ఒకటి. పది లక్షల పాళ్ళ గాలిలో గ్యాసు ఎన్ని పాళ్ళో ఆ అంకె. ఇరవై అయిదు దాటితే ప్రమాదం కింద లెక్క. పంపాను. అరనిమిషానికి మళ్ళీ పంపాను. పది పదమూడుకు డెబ్బై ఎనిమిది. పది పదిహేనుకు నూట నలభై. అరనిమిషానికోసారి పంపుతూనే ఉన్నాను. ఆఫీసు నా ఎదురుగానే ఉంది. కిటికీ తెరిచే ఉంది. మధ్యలో లారీ రేకు. ఎవరైనా వస్తారేమోనని ఆవరణ వంక చూశాను. ఎవరూ పరుగెత్తడం లేదు. హమాలీలు టిక్కీలు మోస్తున్నారు. ఒకడు బీడీ ముట్టించాడు. నా మాట చేరి ఉంటే ఎవరో ఒకరు పరుగెత్తాలి. చేరలేదని నాకు అప్పుడు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినా చేయగలిగింది మళ్ళీ పంపడమే.

పది పద్దెనిమిదికి రెండువందల పది.

పది ఇరవైకి గేటు దగ్గర ఇంకో లారీ వచ్చి హారను కొట్టింది. లోపల చోటు లేదు. దాని వెనక సగం రోడ్డు మీదే ఉంది. దాని డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"బండి ముందుకు తియ్యవయ్యా! రోడ్డు మీద బస్సు ఆగిపోయింది!"

"ఇంకో ఇరవై టిక్కీలున్నయ్యి. దించి తీస్తా, ఆగు!"

"ఆ బస్సాయన్ని నువ్వే ఆగమను. దిగొస్తన్నాడు, చూడు."

"రానీ! నా బండి ఇక్కడ పెట్టమంది మేనేజరుగారు!"

అంకె రెండువందల అరవై. నేను పంపుతున్నాను. హారను ఆగలేదు. ముందు లారీ డ్రైవరు హమాలీల మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి భుజం మీద టిక్కీతో ఉన్నాడు.

"తియ్యరా నాయనా. తియ్యకపోతే వీడు మధ్యాన్నం దాకా వాయిస్తాడు."

డ్రైవరు టీ గ్లాసు ఖాళీ చేశాడు. గ్లాసు గోడ పక్కన పెట్టాడు. లారీ చుట్టూ తిరిగి ఒక టైరును కాలితో తన్ని చూశాడు. ఎక్కాడు. బండి మొదటిసారి స్టార్టు కాలేదు. అంకె రెండువందల తొంభై. రెండోసారి స్టార్టయింది. బండి ఒక లారీ పొడవు ముందుకు జరిగింది.

పది గంటల ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు ఆఫీసులో ఎర్ర దీపం వెలిగింది. అంతకుముందు పంపినవి ముప్పై అయిదు. చేరింది ముప్పై ఆరోది. ఈ సంఖ్య ఆఫీసు యంత్రంలోనిది. నాకు ఆ సమయంలో తెలియదు. నేను ముప్పై ఏడోది పంపుతున్నాను.

ఆఫీసులో మేనేజరు గారు కంప్రెసరు గదికి ఫోను చేశారు. ఈ మాటలు మీరా తర్వాత చెప్పినవి.

"మీరా, మూడోదాంట్లో ఎర్రలైటు. మళ్ళీ ఆయిల్ తీస్తన్నావా? చెప్పి తియ్యొచ్చుగా."

"నేను తియ్యలేదు సార్."

"మరి?"

"సార్, పిన్ని లోపలుంది."

మీరా గ్యాసు వాల్వు మూశాడు. మాస్కు తగిలించుకుని వచ్చి పది ముప్పై నాలుగుకు తలుపు తీశాడు. తలుపు తీయగానే లారీ దగ్గరున్నవాళ్ళు మూటలు వదిలేసి దూరంగా పరుగెత్తారు. అతను మూడో అంతస్తు దాకా ఎక్కాడు. సలోమి అక్కడ లేదు. పేరు పెట్టి పిలిస్తే మాస్కులోంచి మాట బయటికి రాలేదు. దిగాడు. రెండో అంతస్తు వెతికాడు. పది నలభై ఒకటికి ఆమె కింది అంతస్తులో, టిక్కీల వరసల మధ్య, నేలకు ముఖం ఆనించి కనపడింది. ముఖం మీద పైటకొంగు. కొంగు తడిగా ఉంది.

జరిగింది సలోమి మాట వచ్చాక ఆసుపత్రిలో సుభానీకి చెప్పింది. లీకైన గొట్టం తలుపుకు వెళ్ళే దారి పైనే ఉంది. వాసన తగలగానే ఆమె దిగింది. తలుపు వైపు నాలుగడుగులు వేసింది. కళ్ళు మూసుకుపోయాయి. వెనక్కి తిరిగింది. ఫోను తీసి నొక్కింది, మోగలేదు. అరిచింది, అరుపు నాలుగు అంగుళాల గోడ దాటలేదు. తాగే నీళ్ళ సీసా కొంగు మీద గుమ్మరించుకుని, నేల మీద పడుకుని, కొంగులోంచి ఊపిరి పీల్చింది. గ్యాసొస్తే గుడ్డ తడుపుకోమని ఎప్పుడో మీరా చెప్పాడట. "ఇంతసేపైనా ఎవురూ రాలేదేందా అనుకున్నా. ఆ తోక చెప్పుద్దన్నావుగా నువ్వు" అని ఆమె సుభానీని అడిగింది. సుభానీ ఏం జవాబు చెప్పాడో నాకు తెలియదు. ఇదంతా తర్వాత ఫోనులో కాత్యాయనికి చెప్పినప్పుడు అతను అక్కడి నుంచి మందుల సంగతికి మారాడు.

మార్చి ఇరవై ఒకటిన కాత్యాయని వచ్చింది. నిచ్చెన ఎక్కి నన్ను చూసింది. జేబులోంచి బ్లేడు తీసి తొడుగు మీద గీకింది. పొడి వేలికి అంటుకుంది. నన్ను ఊడదీసి ఆఫీసుకి తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల చుట్టూ మేనేజరు గారు, సుభానీ, మీరా. సాంబయ్యను కూడా పిలిపించారు. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రంగుకీ రేడియోకీ ఏం సంబంధమమ్మా?" మేనేజరు గారు అడిగారు. "ఇల్లన్నాక రంగెయ్యరా?"

"ఇందులో ఉన్నది అల్యూమినియం పొడి సార్. లోపలి గోడకి రేకు ఉందని దీన్ని బయట పెట్టాం. మీరు దీనికీ రేకు తొడిగారు."

"నాకెవరు చెప్పారు?"

"పుస్తకం ఇచ్చాం కదా సార్."

మేనేజరు గారు సొరుగు తెరిచారు. పుస్తకం ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరు మీద టేపు అలాగే ఉంది. పక్కన కొరియరు కవరు. ఆయన రెండూ బల్ల మీద పెట్టారు. విప్పలేదు.

"నేను అడిగా సార్," గుమ్మం దగ్గర నుంచి సాంబయ్య అన్నాడు. "ప్లాస్టిక్కులా ఉంది, ఎయ్యనా అని అడిగా."

"నువ్వాగవయ్యా."

"ఆగుతా సార్. అడిగానని చెబుతన్నా అంతే."

మీరా రిజిస్టరు తెచ్చాడు. పదిహేను సంతకాలు చూపించాడు. "నేను రోజూ నొక్కా మేడం. రోజూ వెలిగింది" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

"నువ్వు నొక్కావు మీరా. నేను ఏడు గంటలకు నొక్కమని రాశాను. లారీ ఉన్నప్పుడు నొక్కమని రాయలేదు" అంది కాత్యాయని. తర్వాత తన కాగితం తీసింది. డిసెంబరులో వేసిన లెక్క అది. "చలి రాశాను. దుమ్ము రాశాను. వాన రాశాను. లారీ రాశాను. రంగు రాయలేదు. ఈ రాష్ట్రంలో తనిఖీ అంటే సిల్వర్ వేస్తారని నాకు తెలుసు. మా నాన్న రైసుమిల్లులో పనిచేసేవాడు. అయినా రాయలేదు."

మేనేజరు గారు లేచి ఫ్యాను స్పీడు పెంచారు.

నన్ను హైదరాబాదు తెచ్చారు. రంగుతో ఒకసారి, రంగు గీకి ఒకసారి కొలిచారు. తేడా ఇరవై రెట్లు. గీకిన పొడిని ఒక కాగితంలో, నన్ను ఒక కవరులో పెట్టి, కవరు మీద నంబరు రాసి అలమరలో ఉంచారు. విచారణ పూర్తయ్యేదాకా పారేయకూడదట. మనుషులు బాగా పనిచేసిన వస్తువును తుక్కుకి వేస్తారు, పనిచేయని వస్తువుకు నంబరిచ్చి దాస్తారు.

అలమర పక్కనే కాత్యాయని బల్ల. కొత్త పెట్టెలు చేస్తున్నారు. ఇప్పుడు తోక చెప్పడమే కాదు, వింటుంది కూడా. ఆఫీసు నుంచి జవాబు రాకపోతే ఛాంబరు లోపలా బయటా హూటరు మోగుతుంది. హూటరు తీగ పీకితే ఆఫీసులో ఎర్ర దీపం వెలుగుతుంది. బ్యాటరీ రెండేళ్ళే వస్తుంది. బ్రోచరు మార్చారు. తొడుగును తెలుపు కాకుండా నారింజ రంగు ప్లాస్టిక్‌తో పోత పోయిస్తున్నారు, ఎవరూ గొట్టమనుకోకుండా. దాని మీద అక్షరాలు అంటించడం లేదు, అచ్చులోనే తెలుగులో పోయిస్తున్నారు. వీటిలో ఏది పనిచేస్తుందో నాకు తెలియదు. కాత్యాయనికీ తెలియదని అనుకుంటాను. కట్టిన ప్రతి నమూనానూ ఆమె ఒకసారి రంగు పూసి కొలుస్తోంది. ఒకసారి తడి గోనె కప్పి కొలుస్తోంది. ఒకసారి చీర ఆరేసి కొలిచింది. కొలిచి రాసుకుంటుంది, కాసేపు కూర్చుంటుంది, మళ్ళీ లేచి కొలుస్తుంది.

సుభానీ వారానికోసారి గుంటూరు నుంచి ఫోను చేస్తాడు. ఆమె స్పీకరులో పెడుతుంది. ఏప్రిల్ రెండున సలోమికి ఆక్సిజను తీసేశారని, కళ్ళకు కట్లు అలాగే ఉన్నాయని చెప్పాడు. ఏప్రిల్ పదిహేనున మాట వస్తోందని, బొంగురుగా ఉందని చెప్పాడు. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఫోను రాలేదు. ఆ రోజు కాత్యాయని ఫోనును పదేపదే తిప్పి చూసింది. సాయంత్రం తనే చేసింది. అతను ఎత్తలేదు.

మే ఆరు, సోమవారం, మధ్యాహ్నం మూడున్నరకు ఫోను వచ్చింది. ఎడమ కంటి కట్టు విప్పారని, డాక్టరు మూడు మీటర్ల దూరంలో నిలబడి వేళ్ళు చూపిస్తే సలోమి నాలుగు అందని, అవి నాలుగేనని సుభానీ చెప్పాడు. కుడి కంటి కట్టు ఇంకా విప్పలేదు.